నలభై మూడు అవునులు

ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది. మెడలో వేలాడే గుర్తింపు కార్డు మీద తప్ప అది ఇంకెక్కడా చలామణీలో లేదు. విశ్వవిద్యాలయం తరఫున ఇరవై రెండేళ్లుగా ఇంటింటికీ తిరిగి జనాన్ని ప్రశ్నలు అడగడమే ఆవిడ ఉద్యోగం. అందుకని అందరూ ప్రశ్నలమ్మ అనే పిలుస్తారు. మొదట్లో ఆ పిలుపు వింటే ఒళ్లు మండేది. పోనుపోను అలవాటైపోయింది. ఇప్పుడు తలుపు కొట్టాక లోపలి నుంచి "ఎవరూ?" అని వినిపిస్తే తనే "ప్రశ్నలమ్మనండీ" అంటుంది.

లిఫ్టులు బాగుచేసే మెకానిక్ ఆవిడ భర్త. పెళ్లాన్ని ఆటపట్టించడంలో ఆయనకు సాటి లేరు. "మా ఆవిడ టీ ఇచ్చేటప్పుడు కూడా వదలదండీ. టీ కావాలా? అవును, కాదు, చెప్పదలచుకోలేదు. మూడిట్లో ఒకటి చెప్పాలి" అంటాడు ఎవరింటికి వెళ్లినా. ఆవిడ కూడా నవ్వుతుంది. అందులో అబద్ధమేమీ లేదు మరి.

ఆ ఉద్యోగం సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఇంజినీరింగ్ వాళ్లు ఒక వస్తువు తయారు చేస్తారు. అది వాడితే ఒంటికి ఏమవుతుందో వైద్యం వాళ్లు చూస్తారు. జనం దాన్ని వాడుకుంటారా, మూలన పడేస్తారా అన్నది సామాజిక శాస్త్రాల వాళ్లు తేలుస్తారు. ముగ్గురూ కలిసి ఒక నివేదిక రాస్తారు. ముగ్గురిలో ఒక్కరూ జనం గడప తొక్కరు. తొక్కేది ప్రశ్నలమ్మ. నీళ్లు వడగట్టే యంత్రాలు, వినికిడి మిషన్లు, పొగ రాని పొయ్యిలు, అన్నీ ఆవిడ కాళ్ల మీదుగానే కాగితాల్లోకి ఎక్కాయి. ఆ కాగితాల చివర్న ఆవిడ పేరు వెతికితే దొరకదు. "క్షేత్ర సిబ్బందికి కృతజ్ఞతలు" అని ఒక ముక్క ఉంటుంది. ఆ సిబ్బంది ఆవిడే.

ఈ పనికి ఒకటే నియమం. ప్రశ్నను అక్షరం పొల్లుపోకుండా చదవాలి, అవతలి మనిషి చెప్పింది చెప్పినట్టు గుర్తు పెట్టాలి. నీకేమనిపించిందో ఎవరికీ అక్కర్లేదు. పదమూడేళ్ల పాటు ప్రశ్నలమ్మ ఈ నియమాన్ని కళ్లకద్దుకుంది. పొయ్యిల ప్రాజెక్టు దగ్గర మాత్రం ఆవిడ మనసు విరిగింది.

తొమ్మిదేళ్ల కిందటి మాట అది. కొత్త పొయ్యి ఇచ్చిన ఇళ్లలో దగ్గు తగ్గిందా అని అడగాలి. ఒక ఇంట్లో ఒకావిడ గుమ్మంలో కూర్చుని ఉంది. ఈ వారంలో దగ్గు వచ్చిందా అని అడిగితే, "దగ్గా? నాకా? లేదమ్మా" అంది. ఆ మూడు ముక్కల మధ్య రెండుసార్లు దగ్గింది. పొయ్యి ఊరికే ఇచ్చారు, దగ్గు పోలేదంటే ఎక్కడ వెనక్కి పట్టుకుపోతారో అని ఆవిడ భయం. ప్రశ్నలమ్మ "లేదు" అన్న గడిలో గుర్తు పెట్టి లేచింది. ఆరు నెలల తర్వాత మళ్లీ వెళ్తే తలుపు తీసింది ఆవిడ భర్త. ఆవిడ పోయి నాలుగు నెలలైందట. నివేదికలో మటుకు ఆవిడ దగ్గు లేనివాళ్ల లెక్కలోనే ఉండిపోయింది. ప్రశ్నలమ్మ ఉండబట్టలేక పోయి సార్‌తో చెప్పింది. సార్ అంటే సామాజిక శాస్త్రాల ప్రొఫెసరు, మొదటి రోజు నుంచీ ఆవిడకు పై అధికారి. ఆయన జాలిగానే విన్నాడు. "నువ్వు రాసింది తప్పు కాదమ్మా. ఆవిడ చెప్పింది తప్పు" అన్నాడు.

ఆ రోజు ఇంటికొచ్చి ఆవిడ ముద్ద ముట్టలేదు. చచ్చిపోయిన మనిషిది తప్పంటే ఎలా మింగుడుపడుతుంది?

ఇక బెల్టు సంగతి. ఆసుపత్రులకూ హోటళ్లకూ దుప్పట్లు ఉతికిపెట్టే పెద్ద లాండ్రీ ఒకటి ఉంది. నూట ఎనభై మంది ఆడవాళ్లు అందులో పనిచేస్తారు. తడి దుప్పట్లు మిషన్లోంచి లాగి తోపుడు బండ్లలో వేయడం, ఇస్త్రీ, మడత, రోజంతా ఒంగడమే. వాళ్ల నడుములు కాపాడదామని ఒక ఇంజినీరింగ్ ప్రొఫెసరు బెల్టు కనిపెట్టాడు. ఆయన్ను అందరూ బెల్టు మాస్టారంటారు. బెత్తెడు వెడల్పు నల్ల బెల్టు, వెనక అగ్గిపెట్టెంత డబ్బా. నడుము మరీ ముందుకు వంచితే అది గుర్రుమంటుంది. మోకాళ్లు వంచి, నడుము నిటారుగా పెట్టి ఎత్తాలని దాని భాష. బెల్టు మాస్టారు మంచివాడే. నెల రోజులు తనే కట్టుకుని తిరిగాడు. కాకపోతే ఆయన ఒంగేది కింద పడ్డ పెన్ను తీసుకోవడానికి.

ప్రశ్నలు అడిగేవాళ్లు ముగ్గురు. ఒక్కొక్కరికి అరవై మంది ఆడవాళ్లు. బెల్టు కట్టకముందు ఒకసారి, కట్టిన నాలుగు నెలలకు ఇంకోసారి వాళ్ల ఇళ్లకు వెళ్లి అడగాలి. మీరు చెప్పింది లాండ్రీకి తెలియదు, మీ పేరు ఎక్కడా రాదు అని ముందే చదివి వినిపించాలి. ప్రశ్నలమ్మ చదివేది, వాళ్లు తల ఊపేవాళ్లు. నమ్మిన మొహం ఒక్కటీ కనపడలేదు. నడుము పట్టేసిందని తెలిస్తే మేస్త్రీ "రేపట్నుంచి రావొద్దు" అంటాడు. ఆ ముక్క వాళ్లకు ఏ కాగితం చదవకుండానే తెలుసు.

రెండోసారి వెళ్లిన ఇళ్లలో ఒకటి మడతల పిల్లది. దుప్పట్లు మడతపెట్టే పని గనక ఆ పేరు. ముప్పై అయిదేళ్లొచ్చి ఇద్దరు ఆడపిల్లల తల్లైనా ఇంకా పిల్లే. మేడ మీద ఒకటే గది, ఇనప మెట్లు, నీళ్లు కింద కుళాయి నుంచి మోసుకోవాలి. ప్రశ్నలమ్మ వెళ్లేసరికి పెద్దకూతురు సగం బకెట్టు నీళ్లతో మెట్లెక్కుతోంది. నాలుగు నెలల కింద వచ్చినప్పుడు రెండు చేతులా రెండు నిండు బకెట్లు మోసింది తల్లే.

"రా అక్కా, కూర్చో" అంది మడతల పిల్ల. ఇంతలో చిన్నకూతురి గిన్నె కిందికి దొర్లింది. ఆమె దానికోసం ముందుకు ఒంగలేదు. నిలబడ్డ చోటే నడుము మెలితిప్పి, పక్కకు వాలి అందుకుంది. అప్పుడు ఒంటి మీద బెల్టు కూడా లేదు.

"ఈ నెలలో మీకు నడుము నొప్పి ఉందా?" అని ప్రశ్నలమ్మ ఉన్నది ఉన్నట్టు చదివింది.

"నాకేం నొప్పక్కా? రాయిలా ఉన్నాను. బెల్టు బాగుంది, అలా రాసుకో" అంది మడతల పిల్ల. గిన్నె పక్కన పెట్టి, కిటికీ ఊచ పట్టుకుని, మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుని నిటారుగా నిలబడింది.

ప్రశ్నలమ్మ వేలు, జవాబులు నొక్కే ఎలక్ట్రానిక్ పలక మీద రెండు గడుల మధ్య ఆగిపోయింది. ముందుకు ఒంగితే బెల్టు గుర్రుమంటుంది. పక్కకు తిరిగితే అనదు. మోకాళ్లు వంచి లేచే తీరిక తడి దుప్పట్ల దగ్గర ఎవరికుంటుంది? అందరూ మెలితిరగడం నేర్చుకున్నారు. ఎంత బరువుతో ఎన్నిసార్లు మెలితిరుగుతున్నారో ఆ అగ్గిపెట్టె డబ్బాకు తెలియదు. ఇదంతా ఆవిడకు ఆ గదిలోనే అర్థమైంది. "అవును" అన్న గడి నొక్కింది.

అలా ఒక్కచోట మొదలైంది. తర్వాత చేయి తిరిగిపోయింది. కూర్చున్నవాళ్లు ఎలా లేస్తున్నారు, పసిబిడ్డను ఎవరెత్తుకుంటున్నారు, చెప్పులు ఒంగి తొడుక్కుంటున్నారా, కాలితోనే లాక్కుంటున్నారా, ఇవన్నీ చూసేది. నొప్పి లేదని నోరు చెప్తుంటే ఒళ్లు ఇంకోటి చెప్పేది. ఆవిడ ఒంటి మాటే రాసింది. మధ్యలో ఒకసారి, "నేను చూసింది రాయడానికి ఒక గడి పెట్టించండి సార్" అని అడిగింది కూడా. "ప్రశ్నాపత్రం ఖరారైపోయిందమ్మా. ఇప్పుడు కామా మార్చినా కమిటీకి వెళ్లాలి" అన్నాడాయన. అప్పుడైనా ఆగాల్సింది. ఆగలేదు. ఆవిడది మొండితనమే, కాదనను.

మొత్తం అరవై మందిలో నలభై మూడు "అవును"లు తేలాయి. మిగతా ఇద్దరు అడిగినవాళ్ల దగ్గర తొమ్మిది, పదకొండు.

ఈ తేడా పట్టుకున్నది డాక్టరమ్మ. వైద్యం వైపు పెద్ద ఆవిడే, అంకెలు చూడటంలో డేగకన్ను. ఒకే లాండ్రీ, ఒకే బెల్టు, ఒక్కరి దగ్గరే ఇన్ని నొప్పులెలా వచ్చాయని తన దగ్గరున్న విద్యార్థినిని పంపింది. ఆ అమ్మాయి ప్రశ్నలమ్మ "అవును" పెట్టిన ఇళ్లలో పన్నెండు ఏరుకుని మళ్లీ అడిగింది. పన్నెండు మందీ ఒకే మాట. నొప్పి లేదు, బెల్టు బంగారం.

సమావేశానికి రమ్మని కబురొచ్చింది. ముందురోజు ఇంట్లో ఆ సంగతి చెబితే భర్త ముఖంలో నవ్వు మాయమైంది. "దీనికింత ఆలోచనేమిటే? వాళ్లు నాతో అవుననే అన్నారు, ఆ పిల్లకు భయపడి లేదన్నారు అని చెప్పు. ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు.

"నేను చూశానుగా" అంది ఆవిడ.

"నీ పిచ్చి నీది" అని ఆయన స్క్రూడ్రైవర్ల పెట్టె తీసుకుని పనికి పోయాడు.

చిత్రమేమిటంటే, మర్నాడు సమావేశం గది బయట సార్ కూడా అదే అన్నాడు. ఆయనకు భర్త మాటలు తెలియవు, చదువుకున్న భాషలో అన్నాడు. "వాళ్లు ముందు మీతో నిజం చెప్పి, తర్వాత మాట మార్చి ఉండొచ్చు. అలా జరగడం ఉంది. అదే జరిగిందంటే నేను మీ వెనక నిలబడతాను" అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఆయన ఆవిడను మీరు అనడం అదే మొదలు. ఇక తను ఆయన మనిషి కాదని ఆ పిలుపుతోనే ఆవిడకు తెలిసిపోయింది.

గదిలో పొడుగాటి బల్ల, నాలుగు నీళ్ల సీసాలు, గోడ మీద వెలిగే తెర. తెర మీద మూడు కడ్డీలు గీశారు. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. పొడుగుది ప్రశ్నలమ్మ లెక్క.

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. "మీ ఫారాలు నిజమైతే ఈ బెల్టు ఇప్పుడే ఆపేయాలి. నాకు అభ్యంతరం లేదు. ఆ నలభై ముగ్గురూ మీతో నొప్పుందని చెప్పారా?" అని అడిగింది.

"చెప్పారంటే ఏం చేస్తారండీ?"

"పిలిపించి పరీక్ష చేయించాలి. పనివేళల్లోనే కుదురుతుంది కాబట్టి లాండ్రీకి జాబితా ఇచ్చి సెలవు అడగాలి."

జాబితా అన్న మాటతో ప్రశ్నలమ్మకు అంతా తేటతెల్లమైంది. అవునన్నారు అంటే తను నిలబడుతుంది, బెల్టు ఆగుతుంది. పేరు ఎక్కడా రాదని తను చదివి వినిపించినా, ఆ నలభై మూడు పేర్లూ మేస్త్రీ చేతికి వెళ్తాయి. పరీక్షల ఫలితం వచ్చేదాకా మేస్త్రీ ఆగుతాడా? పైగా వాళ్లు చెప్పని మాటకు వాళ్ల కూడు పోతుంది. ఎవరి నడుము కోసమైతే ఆ గడి నొక్కిందో వాళ్ల మెడకే అది చుట్టుకుంటుంది.

"లేదండీ. అందరూ లేదనే చెప్పారు. అవును అని పెట్టింది నేను" అంది.

బెల్టు మాస్టారు కుర్చీలో ముందుకు జరిగాడు. "అంటే మూడేళ్ల మా కష్టం మీద అబద్ధం రాశారా?"

"నిజమనుకునే రాశానండీ. వాళ్లు పక్కకు మెలితిరుగుతున్నారు. ముందుకొంగితే మీ బెల్టు అరుస్తుందని అలా అలవాటు చేసుకున్నారు. ఇళ్లలో కూడా అలాగే..."

ఆయన కాసేపు బల్ల మీద వేలితో గీతలు గీశాడు. "పక్కకు తిరగడాన్ని అది పట్టుకోదు, నిజమే. కానీ అది మీ పరిశీలన. మీరు రాయాల్సింది వాళ్ల జవాబు" అన్నాడు. గొంతులో ఇందాకటి కోపం లేదు. సార్ తన ముందున్న కాగితాలు సర్దుకున్నాడు.

అరవై ఫారాలూ కొట్టేశారు. నలభై మూడే కాదు, ఆవిడ ఉన్నదున్నట్టు రాసిన పదిహేడు "లేదు"లు కూడా పోయాయి. ఒకసారి చేయి పెట్టిన మనిషి రాసింది ఏదీ నమ్మకూడదట. మిగిలిన నూట ఇరవై మందిలో నొప్పి ఉన్నది ఇరవై మందికి. బెల్టు కట్టకముందు ముప్పై నాలుగు. అంటే బెల్టు గెలిచింది. గుర్తింపు కార్డు అక్కడే బల్ల మీద పెట్టించుకున్నారు, ఇక ఏ ప్రాజెక్టుకూ పిలవబోమని వారంలో ఉత్తరం వచ్చింది. ఇరవై రెండేళ్లు ఎండనక వాననక తిరిగిన మనిషికి రెండు వాక్యాల ఉత్తరం.

సమావేశం రోజు మెట్లు దిగుతుంటే డాక్టరమ్మ వెనకే వచ్చింది. "మీరు చూసింది అబద్ధమని నాకనిపించడం లేదు. కానీ నాకు కాగితం కావాలి. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఈ నొప్పి బెల్టు వల్లేనని తన నోటితో, తన పేరుతో చెప్పినా నేను ఆపించగలను. వేరే ఊళ్ల లాండ్రీలు నాలుగు వేల బెల్టులు అడుగుతున్నాయి" అని తన నంబరు రాసిచ్చింది. మంచి మనిషి. వీళ్లందరూ మంచివాళ్లే, అదే ఇక్కడ బాధ.

మూడు వారాలు ప్రశ్నలమ్మ గడప దాటలేదు. భర్త వేళాకోళం మానేశాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన నిద్రపోతుండగా తలుపు చప్పుడైంది. ఎవరూ అనడం ఈసారి ఆవిడ వంతు.

"నేనే అక్కా" అంది మడతల పిల్ల.

లోపలికొచ్చి కుర్చీలో కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడింది. "నీ ఉద్యోగం పోయిందటగా. మా వల్లేనటగా" అంది.

"నీకెందుకులే అవన్నీ. నీళ్లు తాగుతావా?"

"మూడు నెలలైంది అక్కా" అని మడతల పిల్ల గబగబా అందుకుంది, ఆపితే మళ్లీ చెప్పలేననుకుందో ఏమో. "బెల్టు అరవకుండా మెలితిరిగి మెలితిరిగి, నడుము నుంచి ఎడం కాలు దాకా లాగుతుంది. పొద్దున లేవాలంటే పెద్దది పట్టుకుని లేపాలి. మడతల దగ్గర కాలు తిమ్మిరెక్కి ఎక్కడ పెట్టానో తెలియట్లేదు. మా వరసలో అందరిదీ ఇదే గోల. మందుబిళ్లలు పంచుకుంటాం. మా ఆయనక్కూడా చెప్పలేదు."

ప్రశ్నలమ్మకు కోపమొచ్చింది. చెప్పుకోదగ్గ కోపమే వచ్చింది. "నేను అంత దూరం నడిచొచ్చి, ఎదురుగా కూర్చుని అడిగితే రాయిలా ఉన్నానన్నావే! ఆ రోజు ఈ నోరేమైంది?"

"నువ్వు రాసుకునే మనిషివి కదక్కా" అంది మడతల పిల్ల. "ఎంత మంచిదానివైనా చేతిలో ఆ పలక ఉండేది. ఇప్పుడు లేదుగా, అందుకే వచ్చాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది."

ఆ మాట ప్రశ్నలమ్మకు సూటిగా తగిలింది. తను పలక పట్టుకుని అడగకపోయుంటే ఎన్ని ఇళ్లలో ఎంతమంది చెప్పుకునేవాళ్లో! ఆ ఆలోచన నుంచి తేరుకుని ఆమె చేయి పట్టుకుంది. "ఇదే మాట డాక్టరమ్మకు చెప్పమ్మా. నేను తోడొస్తాను. ఒక్కదానివి చెబితే చాలు, బెల్టు ఆగిపోతుంది. ఇంకా నాలుగు వేల మందికి కట్టబోతున్నారు."

"పేరు అడుగుతారా?"

"అడుగుతారు. అబద్ధమెందుకు?"

మడతల పిల్ల చేయి మెల్లగా వెనక్కి తీసుకుంది. "లాండ్రీలో ఈ నెల ఇద్దరిని తీసేశారు. నా జీతం ఆగితే పిల్లల బడి ఆగుతుంది. ఆ నాలుగు వేల మందిని నేనెప్పుడూ చూడలేదక్కా. నా ఇద్దర్ని రోజూ చూస్తున్నాను" అంది. గుమ్మం దగ్గర మళ్లీ ఆగింది. "నేను రాలేదు, నీకేం చెప్పలేదు. మాటివ్వు."

ప్రశ్నలమ్మ వెంటనే ఇవ్వలేదు. బతిమాలింది, కసిరింది, ఆఖరికి కళ్లనీళ్లు పెట్టుకుంది. మడతల పిల్ల కూడా ఏడ్చింది గానీ గుమ్మం దగ్గర్నుంచి కదల్లేదు. చివరికి ప్రశ్నలమ్మ తలూపింది.

రెండు రోజుల తర్వాత డాక్టరమ్మే ఫోన్ చేసింది. "నివేదిక మీద రేపు సంతకం పెడుతున్నాను. పెట్టబోయే ముందు ఒకసారి అడుగుదామని. ఎవరైనా వచ్చి మీతో ఏమైనా చెప్పారా?"

ప్రశ్నలమ్మ ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడిపోయింది. ఒక్క మాటంటే తన పేరు మీది మచ్చ పోతుంది. ఎక్కడెక్కడి ఆడవాళ్లో తడి దుప్పట్లతో మెలితిరగడం ఆగుతుంది. అడిగేవాళ్ల ముందు నిలబడితే ఎలా ఉంటుందో ఆవిడకు అప్పటిదాకా తెలియదు.

"లేదు" అంది.

"నిజంగానా? ఒక్కరు కూడా?"

"లేదండీ. నాకెవరూ ఏమీ చెప్పలేదు."

అవతల టకటకమని కీబోర్డు చప్పుడు వినిపించింది. డాక్టరమ్మ రాసుకుంటోంది.